మూడు గిరహ్‌ల దారం

మొన్న ఈద్‌కి మెట్‌పల్లి పోయినప్పుడు మా భాంజీ నా చేతికి ఒక బ్రేస్‌లెట్ కట్టింది. క్రోషియాతో తనే అల్లింది. ఆకుపచ్చ, తెలుపు దారాలు, నడుమ మూడు పూసలు, చివర చిన్న గుండీ. ఇంటర్ చదివే పిల్ల. చాంద్‌రాత్ లోపల ఇరవై ఆరు అల్లి కాలేజీ సహేలీలకు అమ్మిందట. "మామూ, తుమ్హారేకు ఫ్రీ" అంది. ఎవరు నేర్పారంటే "నానీమా" అంది, అంటే మా అమ్మీ. అమ్మీకి నేర్పింది వాళ్లమ్మ, మా నానీమా మర్హూమా. నానీమాకు నేర్పింది మొహల్లాలో ఆడపిల్లలకు ఖురాన్ చదివించిన ఉస్తానీబీ. పొద్దున సబక్, సబక్ అయినంక సూయి-ధాగా. ఆ కాలం పిల్లలకు అదే మద్రసా, అదే కుట్లు అల్లికల బడి.

మాటల్లో మాటగా అమ్మీ బీరువా మీది రేకు డబ్బా దింపింది. ఒకప్పుడు బిస్కెట్లు వచ్చిన డబ్బా. అందులో నానీమా క్రోషియా సూదులు రెండు, సగం అల్లి ఆపేసిన టోపీ ఒకటి, పాత ఇజార్‌బంద్ కుచ్చులు, దారపు ఉండలు. అన్నింటి అడుగున పిల్లల మణికట్టుకు సరిపోయే ఒక పట్టీ. సన్నని దారం. తెల్లగా ఉండేదేమో, గోధుమ రంగుకు తిరిగింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తంబాకు వాసన వచ్చినట్టనిపించింది. చెప్తే అమ్మీ నవ్వింది. "వో బీడీకా ధాగా హై రే" అంది.

అది నాదేనట. నాకు రెండేళ్లప్పుడు నానీమా బీడీలు చుట్టగా మిగిలిన దారంతో అల్లి నా చేతికి వేసిందట. నాకు గుర్తు లేదు. కానీ ఆ పట్టీ చేతిలో పట్టుకున్నప్పటి నుంచి మా జిల్లాల తారీఖ్‌ని దారం వైపు నుంచి చూడాలన్న ఖ్యాల్ వదల్లేదు.

మనం పుట్టినరోజుని సాల్‌గిరహ్ అంటాం. కేకు కోస్తూ అంటాం కాబట్టి ఆ మాటలో ఏముందో ఆలోచించం. సాల్ అంటే ఏడాది, గిరహ్ అంటే ముడి. బిడ్డ పుట్టిన తారీఖు వచ్చినప్పుడల్లా తల్లి ఒక ఎర్రదారానికి ఒక ముడి వేసి దాచేది. వయసు లెక్క పెట్టాలంటే ముళ్లు లెక్క పెట్టాలి. జనన సర్టిఫికెట్లు లేని కాలంలో మనింటి ఆడవాళ్లు రాసిన రిజిస్టర్ అదే. ఈ రివాజును పుస్తకంలోకి ఎక్కించినవాడు మన తెలుగు నేల మీది ముసల్మానే. ఏలూరుకు చెందిన జాఫర్ షరీఫ్. దక్కన్ ముస్లింల పుట్టుక నుంచి చావు దాకా రివాజులన్నీ ఆయన దక్కనీ జబాన్‌లో రాసిస్తే, హెర్‌క్లాట్స్ అనే డాక్టరు ఇంగ్లీషులోకి మార్చి 1832లో లండన్‌లో అచ్చు వేయించాడు. పేరు 'కానూన్-ఎ-ఇస్లాం'. దాన్ని ఫిఖ్‌హ్ కితాబు అనుకోవద్దు. అప్పటి జనం ఏం చేసేవారో చెప్పే కితాబు అది, ఏం చేయాలో చెప్పేది కాదు. చివర్లో నగలు, బట్టల పేర్ల జాబితాలు కూడా ఇచ్చాడు. నాకు మాత్రం ఆ నగల కన్నా సాల్‌గిరహ్ ఎర్రదారమే విలువైనదిగా కనిపిస్తుంది.

గిరహ్‌కి ఇంకో మానీ ఉంది. మీటర్లు రాకముందు బట్టల దుకాణంలో గజాన్ని పదహారు భాగాలు చేసి ఒక్కో భాగాన్ని గిరహ్ అనేవారు. అంటే రెండుంపావు అంగుళాలు. నానీమా స్కేలు వాడలేదు. "చిన్న పిల్లకు రెండు గిరహ్, పెద్దామెకు మూడు" అనేదట. మూడు గిరహ్‌లంటే ఆరుముప్పావు అంగుళాలు. నేను టేపు తెచ్చి భాంజీ అల్లిన ఆడవాళ్ల బ్రేస్‌లెట్ కొలిచాను. సరిగ్గా అంతే. యూట్యూబులో చూసి కొలత పెట్టానని తను, నేనే చెప్పానని అమ్మీ. ఆ ఝగ్డాలో నేను తలదూర్చలేదు.

మణికట్టుకు దారం మన దగ్గర కొత్త ఫ్యాషన్ కాదు. ప్రయాణం పోయేవాళ్ల జబ్బకు గుడ్డలో పైసా చుట్టి ఇమామ్ జామిన్ కట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మొహర్రంలో పీర్లు లేచినప్పుడు కరీంనగర్ పల్లెల్లో హిందువులు, ముసల్మానులు కలిసి ఎర్ర, ఆకుపచ్చ దారాలు చేతులకు కట్టుకుంటారు. దర్గా జాలీకి మన్నత్ ధాగా సంగతి చెప్పనక్కర్లేదు. వీటి మీద ఉలమాలో ఇఖ్తెలాఫ్ ఉందని నాకు తెలుసు. ఫలానా దారం కాపాడుతుందనే అఖీదా వేరు, చేతికి అందంగా ఉందని వేసుకోవడం వేరు. నానీమా నాకు అల్లింది రెండో రకం. ఆమె నమాజు తప్పని మనిషి, తావీజులంటే పడేది కాదు. ఇక్కడ నా బహస్ అఖీదా గురించి కాదు, అల్లిన చేతుల గురించి.

మన ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో చేతి నగ ఏదైనా దారంతోనే మొదలవుతుందంటే అతిశయోక్తి కాదు. కరీంనగర్ వెండి పని చూడండి. తార్‌కశీ అంటాం, ఫిలిగ్రీ అని పేరు పడింది. వెండిని చిల్లుల పలకలోంచి లాగి లాగి వెంట్రుక లాంటి తీగ చేస్తారు. రెండు తీగల్ని మెలిపెట్టి అణచి, చుట్టలు చుట్టి, చట్రంలో పేర్చి అతుకుతారు. ఎల్గందల్ ఖిలా నీడలో పుట్టిన హునర్. 1905లో జిల్లా కచేరీ ఎల్గందల్ నుంచి కరీంనగర్‌కి మారింది, పని కూడా ఊరితోపాటు నడిచొచ్చింది. ఇత్ర్‌దాన్, పాన్‌దాన్, గులాబ్‌పాష్, కడియాలు. నవాబుల దస్తర్‌ఖాన్‌లకి, షాదీలకి మాల్ ఇక్కడి నుంచే పోయేది. చేసేవాళ్లు ఎక్కువగా విశ్వబ్రాహ్మణ కంసాలులు. 2007లో దానికి జీఐ గుర్తింపు వచ్చింది.

గోదావరి దాటి ఆదిలాబాద్ అడవి వైపు పోతే ఓజ కారీగర్లు కనిపిస్తారు. జైనూర్ పక్క ఉషెగాం, కెస్లాగూడ లాంటి ఊళ్లు. వాళ్లది డోక్రా పని, ఇత్తడి పోత. కానీ ఇత్తడి చివరికి వచ్చేది. మొదట మట్టి ముద్ద, దాని మీద మైనాన్ని దారంలా సాగదీసి వరుసగా చుట్టడం. పైన మళ్లీ మట్టి పూసి కాలిస్తే మైనం కరిగి పోతుంది, ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి దిగుతుంది. గోండు ఆడవాళ్ల చేతి కడియం మీద కనిపించే గీతలన్నీ కరిగిపోయిన మైనపు దారం ఆనవాళ్లే. దానికి 2018లో జీఐ వచ్చింది.

వెండి దారానికి పేరుంది. మైనపు దారానికి పేరుంది. రెండూ న్యాయమే, ఆ కారీగర్లకు ఇంకా దక్కాల్సింది చాలా ఉంది. మరి నూలు దారం?

క్రోషియా మాట మనది కాదు. ఫ్రెంచి భాషలో కొక్కేన్ని క్రోషే అంటారు, అదే తెల్లవాళ్ల నోటి నుంచి ఉర్దూలోకి వచ్చి క్రోషియా అయింది. దాని మాయ అంతా ఆ కొక్కెంలోనే ఉంది. స్వెటర్ అల్లడానికి రెండు సూదులు కావాలి, సూది మీద వరుసలో ఉన్న కుట్లన్నీ ప్రాణాలతో ఉండాలి, ఒకటి జారితే నిచ్చెనలా కిందికి ఊడుతుంది. క్రోషియాలో ఒక్క సూది, సాధారణంగా ఒక్క కుట్టే తెరిచి ఉంటుంది. ఉచ్చులోంచి దారం లాగితే ఇంకో ఉచ్చు, అదే గొలుసు. మధ్యలో బిడ్డ ఏడిస్తే, పాలు పొంగితే, అజాన్ అయితే అక్కడే ఆపి లేవచ్చు. ఇంట్లో ఉండే ఆడవాళ్ల చేతికి ఈ హునర్ ఎందుకంత తొందరగా అబ్బిందో ఇక్కడే అర్థమవుతుంది.

ఐర్లండ్‌లో 1845లో ఆలుగడ్డ పంట కుళ్లి కరువు వచ్చినప్పుడు అక్కడి ఆడవాళ్లు క్రోషియా లేసు అల్లి అమ్ముకుని ఇళ్లు నిలబెట్టుకున్నారు. దాదాపు అదే జమానాలో మిషనరీల ఆడవాళ్లు గోదావరి డెల్టాలో నర్సాపురం వైపు లేసు పని నేర్పించారు. మన బాసర, ధర్మపురి, మంథనిల మీదుగా పోయే గోదావరే అక్కడ సముద్రంలో కలుస్తుంది. మొదట క్రైస్తవ పేద ఆడవాళ్లు, తర్వాత పరదా పాటించే కాపు ఇళ్ల ఆడవాళ్లు. అవును, పరదా మన ఒక్కరి సంగతి కాదు. ఆ లేసు ఐరోపాకి, అమెరికాకి పోయింది, వ్యాపారులు మేడలు కట్టారు. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నర్సాపురం వచ్చి, ఆ ఇళ్లల్లో కూర్చుని లెక్కలు వేసి, 1982లో పుస్తకం అచ్చు వేసింది. రోజులో ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లిన ఆడమనిషికి రూపాయి కూడా గిట్టడం లేదని తేల్చింది. ఎందుకంటే వాళ్లను ఎవరూ మజ్దూర్ అనలేదు. 'ఇంటి ఆడవాళ్లు, ఫుర్సత్‌లో చేసుకుంటారు' అన్నారు. ఆ ఒక్క మాటతో సగం మజ్దూరీ ఎగిరిపోయింది.

ఆ పుస్తకం సంగతి తెలిసినప్పుడు నాకు నర్సాపురం కనపడలేదు, మా దాలాన్ కనపడింది.

మా ఇళ్లల్లో క్రోషియా ఎగుమతికి కాదు. అల్లింది జాలీదార్ టోపీలు, ఖ్వాన్‌పోష్‌లు, తకియా గిలాఫుల అంచులు, బటువాలు, ఖురాన్ జుజ్దాన్ల కుచ్చులు. రంజాన్ ముందు మొహల్లా ఆడవాళ్లు టోపీలు అల్లిస్తే దుకాణం వాడు డజను లెక్కన తీసుకునేవాడు. ఎంత ఇచ్చేవాడని అడిగితే అమ్మీ చెయ్యి ఊపేసింది. "ఈద్‌కి సేవయ్యాలకొచ్చేది" అంది. టోపీ ఖరీదును సేమ్యాలతో కొలిచే హిసాబ్ అది.

చేతి పట్టీలు అమ్మకానికి కూడా కాదు. అవి మిగిలిన దారం పని. ఏ దారం మిగిలితే అది. అందుకే నానీమా డబ్బాలోని దారాలను చూస్తే మన రెండు జిల్లాల కార్ఖానాలన్నీ కనిపిస్తాయి.

మొదటిది పత్తి. ఆదిలాబాద్ నల్లరేగడి పత్తి. శీతాకాలం మార్కెట్ యార్డు బయట బండ్ల బారు, జిన్నింగ్ మిల్లుల్లోంచి గాల్లోకి లేచే దూది, చూసినవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. ఆ దూది వడికితే వచ్చే నూలుకి నిజాం సర్కారు 1934లో వరంగల్‌లో ఆజం జాహీ మిల్లు పెట్టింది. ఏడో నిజాం పెద్ద కొడుకు ఆజం జాహ్ పేరు. అదీ 1990ల తర్వాత మిగల్లేదు. నూలు దారం సాగదు. బ్రేస్‌లెట్ అల్లితే కొలత పక్కాగా ఉండాలి, అరంగుళం తగ్గినా చెయ్యి దూరదు. అందుకే నూలు పట్టీకి గుండీ, ఉచ్చు తప్పవు. కానీ నీళ్లు తగిలినా, చెమట పట్టినా చర్మాన్ని కొరకదు. పసిపిల్లలకు అదే మంచిదని నానీమా మాట.

రెండోది మెరిసే దారం. లేత గులాబీ రంగు, ఇప్పటికీ మెరుపు పోలేదు. కాగజ్‌నగర్ ఖాలా తెచ్చిందట. కాగజ్‌నగర్ పేరులోనే కాగితం ఉంది కాబట్టి అందరికీ సిర్పూర్ పేపర్ మిల్లే తెలుసు. దాని పక్కనే సర్‌సిల్క్ అనే మిల్లు ఉండేది. సిర్పూర్ సిల్క్‌ని కుదించి పెట్టిన పేరు. అందులో తయారయ్యేది పట్టుపురుగు లేని పట్టు, కృత్రిమ దారం. 1980లలో మూతపడింది. ఆ రకం దారం అందంగా ఉంటుంది కానీ క్రోషియాకు జిద్దీది. జారుతుంది, పోగులు విడిపోతాయి, సూది కొన పోగుల నడుమ దూరి కుట్టు చెడుతుంది. అమ్మీ చెప్పిన ఉపాయం ఏంటంటే రెండు పోగులు కలిపి, మధ్యమధ్య వేళ్లు తడి చేసుకుంటూ, బిగుతుగా అల్లాలి. నానీమా దాంతో ఒక్క కంగన్ అల్లి, ఆ జిద్ది పని ఇక నక్కో అని వదిలేసిందట. ఆ కంగన్ ఖాలా షాదీలో పెట్టెలో పోయింది.

మూడోది ఊన్. తెలంగాణలో చలికి పేరు ఆదిలాబాద్. అందుకే అక్కడి చుట్టాల ఇళ్లల్లో స్వెటర్లు అల్లని ఆడమనిషి ఉండేది కాదు. ఊన్ అంటాం కానీ బజారులో దొరికేది చాలావరకు యాక్రిలిక్, గొర్రెతో సంబంధం లేనిది. సాగుతుంది, మెత్తగా ఉంటుంది, రంగులు వెలిగిపోతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అదే ఆసాన్, తప్పు కుట్టు కనపడదు. కానీ రాపిడికి నూగు లేస్తుంది, నెల తిరిగేసరికి బ్రేస్‌లెట్ పాత బొంతలా అవుతుంది. భాంజీ మొదట ఊన్‌తో మొదలుపెట్టి, సహేలీలు ఫిర్యాదు చేసినంక నూలుకి మారింది. నూలులోనూ మెర్సరైజ్డ్ అని మెరుపెక్కించిన దారం తెప్పిస్తుంది. సిరిసిల్ల మన పక్కనే ఉండగా దారం ఆన్‌లైన్‌లో ఎక్కడి నుంచో వస్తోంది. అదొక తమాషా.

ఇక బీడీ దారం. మిగతావన్నీ బయటి నుంచి వచ్చినవి. ఇది మాత్రం రోజూ ఇంట్లోనే, చాటలో ఉండేది.

మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, ఇటు నిర్మల్ దాకా బీడీ చుట్టని వాడ దొరకడం కష్టం. ఆకు ఆదిలాబాద్ అడవుల తునికాకు. కార్ఖానా వాడు ఆకు, తంబాకు, దారం తూకం వేసి ఇస్తాడు. రాత్రి ఆకు తడిపి, పొద్దున కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, మూతి మడిచి, దారం చుట్టి తెంపాలి. చెయ్యి తిరిగిన మనిషి పొద్దు గుంకేలోపు వెయ్యి దాకా చుడుతుంది. అంటే వెయ్యిసార్లు దారం చుట్టి తెంపడం. వాటిలో బాగోలేవని కొన్ని పక్కకు తీస్తారు, వాటికి పైసలు రావు. హిందూ, ముస్లిం ఆడవాళ్లు ఒకే అరుగు మీద చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. నానీమా కూడా. ఉస్తానీబీ నేర్పిన క్రోషియా వేళ్లే బీడీ చుట్టాయి. ఒకే చేతులు, ఒకే సన్నదారం. చాటలో ఉన్నంతసేపు అది మజ్దూరీ, సూదికి ఎక్కితే టైంపాస్.

ఈ తేడా ఊరికే చెప్పడం లేదు. బీడీ పనికి 1966లో ప్రత్యేక చట్టం వచ్చింది. ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్లని కూడా అది కార్మికులుగా లెక్కించింది. 1976లో సెస్సు చట్టం వచ్చింది. గుర్తింపు కార్డు, బీడీ దవాఖానా, పిల్లలకు స్కాలర్‌షిప్పు, పీఎఫ్ నంబరు. తెలంగాణ వచ్చినంక నెలకు వెయ్యి రూపాయల జీవన భృతి, 2019 నుంచి 2,016. ఇవేవీ ఖైరాత్‌గా రాలేదు, ఎర్రజెండాలు పట్టుకుని మన జిల్లాల ఆడవాళ్లు రోడ్ల మీద కూర్చుంటే వచ్చాయి. ఊపిరితిత్తులు పాడయ్యే పని అది, దాన్ని నేను పొగడను. కానీ ఆ పనిలో నానీమాకు ఒక కార్డు ఉండేది. ఫోటో, పేరు, శోహర్ పేరు, పక్కన 'బీడీ కార్మికురాలు'. సర్కారు కాగితం మీద ఆమెను ఆమె పనితో పిలిచింది అదొక్కటే.

ఆమె అసలు హునర్ ఏ కాగితం మీదా లేదు. 2023లో కేంద్రం విశ్వకర్మ యోజన పెట్టి పద్దెనిమిది పనుల జాబితా ఇచ్చింది. దర్జీలున్నారు, పూలదండలు కట్టేవాళ్లున్నారు, చేపల వలలు అల్లేవాళ్లున్నారు. వల అల్లడానికి, జాలీ టోపీ అల్లడానికి మధ్య దూరం ఎంత? అయినా క్రోషియా లేదు. దారి అసలే లేదని కాదు. చేతివృత్తులవాళ్లకు జౌళి శాఖ 2016 నుంచి ఇస్తున్న కార్డు ఒకటుంది, పేరు మన జబాన్‌లోనే పెట్టారు, 'పెహచాన్'. దేశం చేసే హస్తకళల ఎగుమతి లెక్కల్లో ఎంబ్రాయిడరీ, క్రోషే వస్తువులకు విడిగా ఒక వరుస ఉంది. నర్సాపురం లేసుకి కూడా 2024లో జీఐ వచ్చింది, మరియా మీస్ వచ్చి పోయిన నలభై ఏళ్లకు పైగా అయినంక. కాబట్టి క్రోషియా అల్లే మనిషిని కారీగర్ అనడానికి సర్కారుకి మాట ఉంది. మన ఇళ్లల్లోనే లేదు.

ఈద్ రెండోరోజు భాంజీకి ఏదో దరఖాస్తు నింపాల్సి వచ్చింది. ఫోన్‌లోనే నింపుతూ ఒక్కొక్కటి బయటికి చదువుతోంది. తండ్రి వృత్తి దగ్గర 'గల్ఫ్‌లో డ్రైవర్' అని కొట్టింది. తల్లి వృత్తి దగ్గర ఆగకుండా 'గృహిణి' కొట్టింది. వాళ్లమ్మ, అంటే మా ఆపా, ఆ టైంలో పక్కనే కూర్చుని ఒకరి నిఖా కోసం ఆర్డరిచ్చిన గజ్రాలు అల్లుతోంది. పూలవి కాదు, తెల్ల నూలుతో క్రోషియా మల్లెలు, ఒక్కో చేతికి పదకొండు. మూడు రోజుల పని. అడ్వాన్స్ కూడా తీసుకుంది.

"ఆపా, నువ్వేం పని చేస్తావని రాయమంటావు?" అనడిగాను.

తలెత్తలేదు. "క్యా కామ్ రే, ఘర్‌మే బైఠీ హూఁ" అంది. వేలికి చుట్టుకున్న దారం ఒకసారి లాగి, పదో మల్లె మొదలుపెట్టింది.

భాంజీ నా వైపు చూసింది. తర్వాత ఫోన్ వైపు చూసి 'గృహిణి'ని ఒక్కో అక్షరమే వెనక్కి చెరిపింది. "మామూ, కారీగర్ తెలుగులో ఎట్ల రాయాలి, కాకు దీర్ఘమా?" అంది.